ఏడున్నర వేల రూపాయల ఫోను

నెల్లూరు జిల్లాకు తూర్పున సముద్రము, వరి చేలు, రొయ్యల గుంటలు. పడమట వెలికొండలు, మెట్ట చేలు, వానకై ఎదురుచూపులు. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపునకు గాని, వింజమూరు మీదుగా ఉదయగిరి వైపునకు గాని పోయిన కొలది పచ్చదనము తగ్గి బండలు పెరుగుచుండును. ఆ మెట్ట ప్రాంతపు కుటుంబములను మనసునందుంచుకొని ఈ పూట ఒక చిన్న వస్తువును గూర్చి ముచ్చటింపదలచితిని. కంపెనీలవారు దానిని ఆండ్రాయిడ్ స్మార్ట్ ఫోను అందురు. ఉదయగిరి వీధులలో దాని పేరు టచ్ ఫోను. పూర్వపు మీటల ఫోను బటన్ ఫోను అయినది. లక్ష రూపాయల ఫోనుతో మనకు పని లేదు. ఏడెనిమిది వేలు మొదలు పదివేల లోపున దొరకు చౌకరకపు ఫోనే మన విషయము.

చౌక అన్న మాటను ముందుగా తూచి చూడవలెను. ఉపాధి హామీ పథకమున ఆంధ్రప్రదేశ్‌కు 2024–25 సంవత్సరమునకు నిర్ణయింపబడిన దినకూలి 300 రూపాయలు. ఏడున్నర వేల ఫోను కొనవలెనన్న ఇరువదియైదు దినముల చెమట కావలెను. ఆ చట్టము నాడు ఇంటికి హామీ యిచ్చిన పనిదినములు నూరు. వానిలో నాలుగవ వంతు ఒక అరచేతి పలకకు సమర్పణ. బెంగుళూరులో ఉద్యోగి ఒక పూట జీతముతో కొను వస్తువు మర్రిపాడు కూలికి ఒక కారు పని. కనుక పట్టణవాసి దీనిని చౌక ఫోను అన్నప్పుడు చిరునవ్వు నవ్వి ఊరకుండవలసినదే.

అయినను కొనుచున్నారు. ఏల కొనుచున్నారో విచారింపక, జనమునకు మోజు ఎక్కువైనదని తీర్పు చెప్పువారు చాలమంది కలరు. ట్రాన్సిస్టరు రేడియో వచ్చిన దినములలోను ఇట్టి తీర్పులే వినవచ్చినవి. ఎద్దు కొమ్మునకు ట్రాన్సిస్టరు తగిలించి దున్నిన రైతును చూచి నవ్వినవారు, అతడు దానిలో పొలముకబుర్లు వినుచున్నాడని ఎరుగరు.

ఈ ఫోను ఎట్లు పుట్టినదో రెండు మాటలు. ఆండ్రాయిడ్ అనునది ఫోనును నడపు సాఫ్ట్‌వేరు. 2005లో గూగుల్ సంస్థ దానిని కొన్నది. దానితో నడచు మొదటి ఫోను 2008లో వెలువడినది. దాని మూలమును ఎవరైనను ఉచితముగ తీసికొని వాడుకొనవచ్చును గనుక చిన్న కంపెనీలకు సైతము ఫోను చేయుట సాధ్యమైనది. 2014 సెప్టెంబరులో గూగుల్ మన దేశమునందే తొలిసారిగ ఆండ్రాయిడ్ వన్ అను పేర మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీల ద్వారా 6,399 రూపాయలు మొదలుకొని ఫోనులు విడిచినది. మరుసటి ఏడు ఈ కథ మన ముంగిటికే వచ్చినది. నాటి నెల్లూరు జిల్లా దక్షిణపు టంచున తడ ఉండెను గదా. ఆ చేరువనే ఉన్న శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ కర్మాగారమున షావోమీ వారి ఫోనుల తయారీ మొదలైనది. అక్కడ కూర్చబడిన రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోను 2015 ఆగస్టు 10న విశాఖపట్నమున విడుదలైనది. ధర 6,999 రూపాయలు. ఆ కర్మాగారమున పనిచేయువారిలో అత్యధికులు చుట్టుప్రక్కల జిల్లాల పల్లెల నుండి వచ్చిన యువతులు. చైనా ఫోను, చైనా ఫోను అని మనము చప్పరించుచున్న దాని మరలను బిగించిన వ్రేళ్ళు మన ఆడపిల్లలవి.

ఇక మేలులు. వానిలో మొదటిది నా దృష్టిలో ముఖము. ఈ మెట్ట మండలముల నుండి పని వెదకికొనుచు బెంగుళూరునకు, హైదరాబాదునకు, కువైటునకు పోయినవారు అనేకులు. ఒకప్పుడు గల్ఫునుండి వచ్చు టెలిఫోను పిలుపు నిమిషములలో లెక్క. అంగడివాని ఫోనువద్ద నిలిచి, వెనుక నున్నవాడు దగ్గుచుండగ, బాగున్నావా నాయనా అని అరచి పెట్టివేయుట. నేడు కువైటునందున్న కుమారుడు తల్లికి కనపడుచున్నాడు. “ఏందిరా అట్టా చిక్కిపోయినావు?” అని ఆమె అడుగగలుగుచున్నది. చిక్కిపోవుట ఉత్తరములో కనపడదు. వాడు వ్రాయడు గనుక. ఈ ఒక్క దాని కొరకే ఏడున్నర వేలు పెట్టిన తల్లిని దుబారా మనిషి అనుటకు నాకు నోరు రాదు.

రెండవది చదువురాని వారికి కలిగిన వెసులుబాటు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో నోటిమాటను అక్షరములుగ మార్చు సౌకర్యము కల్పించినది. వ్రాయలేనివాడు మాటాడి వెదకవచ్చును. చదువలేనివాడు వీడియో చూడవచ్చును. డి.సి. పల్లి, కలిగిరి పొగాకు వేలముల ధర, నిమ్మకాయల ధర, ఆకుముడత తెగులుకు మందు, ఇవన్నియు మన యాసలోనే విచారించుకొనవచ్చును. దొరకు సమాధానము ప్రతిసారియు సరియైనదని కాదు. మందుల విషయమున వ్యవసాయాధికారిని అడుగకుండ వీడియోను నమ్మి పిచికారి చేయుట నేను మెచ్చను.

తెలుగు మాట వచ్చినది గనుక ఒక వింత చెప్పెదను. 2018 ఫిబ్రవరిలో, అంతకు కొన్ని నెలల ముందు 89,000 రూపాయల ధరతో మన దేశమునకు వచ్చిన ఐఫోను సైతము, మన ‘జ్ఞా’ అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశముగ వచ్చినంతనే మూర్ఛపోయినది. కొన్ని దినములలో కంపెనీవారు చికిత్స చేసిరి. ఆ దినములలో ఆత్మకూరు అంగటిలోని ఆరువేల ఆండ్రాయిడ్ ఫోను మాత్రము ఆ అక్షరమును చూచి బెదరలేదు.

మూడవది ప్రభుత్వపు పనులు. పొలము అడంగలు, ఒకటి-బి ‘మీ భూమి’ వెబ్‌సైటులో చూచుకొనుట, పి.ఎం. కిసాన్ సొమ్ము పడినదా లేదా తెలిసికొనుట, కరెంటు బిల్లు కట్టుట, వీనికై పని మానుకొని బస్సెక్కనవసరము లేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనమిత్ర అను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ఆరంభించినది. ఉదయగిరినుండి జిల్లా కేంద్రమునకు దరిదాపు నూరు కిలోమీటర్లు. పోను రాను ఛార్జీ, అచ్చట భోజనము, పోయిన కూలి కలిపి చూచినచో, ఒక్క ప్రయాణము తప్పినను ఫోను తన ధరలో కొంత తీర్చినట్లే.

ఉదయగిరి చెక్క చెంచాలను ఇచ్చట స్మరింపక తప్పదు. కొండ కట్టెతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కు ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. చేయువారిలో స్త్రీలే అధికము. అట్టి వస్తువునకు బేరమాడువాడు దూరపు పట్టణమున ఉండును, చూడక కొనడు. ఫొటో తీసి పంపి, ధర కుదుర్చుకొని, సొమ్ము యు.పి.ఐ. ద్వారా నేరుగ తన ఖాతాలోనికి రప్పించుకొనగల స్త్రీకి దళారి ఇంటి గుమ్మమువద్ద నిలువవలసిన అగత్యము కొంత తగ్గును. ఈ పనికి చౌక ఫోను కెమెరా చాలును. పెండ్లి ఫొటోలకు చాలదని చెప్పుచున్నారు. చాలకున్న నష్టము లేదు.

మేలులను ఇంత పొగడిన పిదప కీడులను దాచుట న్యాయము కాదు. కొనుబోవువానికి అంగటిలో చెప్పని మాటలు ఇవియే.

అంగటిలో ఏమి చెప్పుదురు? “యాభై మెగాపిక్సెలు అన్నా! వెనక మూడు కెమెరాలు!” అందురు. వెనుక మూడు కన్నులు కనిపించిన మాట నిజమే. పెక్కు చౌక ఫోనులలో పనిచేయు కన్ను ఒక్కటే; తక్కినవి దృష్టిబొమ్మకు పెట్టిన కన్నుల వంటివి. అడుగవలసిన ప్రశ్నలు రెండు: ర్యాము ఎంత, నిలువ ఎంత. ర్యాము అనగా ఫోను పని చేయుటకు పరచుకొను బల్ల. నిలువ అనగా బీరువా. బల్ల చిన్నదైనచో ఒక కాగితము పెట్టుటకు మరియొకటి తీయవలెను. దానినే మనవారు ఫోను హ్యాంగు అయినదందురు. గూగుల్ 2017లో తక్కువ ర్యాము ఫోనులకై ఆండ్రాయిడ్ గో అను తేలిక రకమును తెచ్చినది. నాడు ఒక జి.బి. చాలుననిరి, పదుమూడవ ఆండ్రాయిడ్ నాటికి దానికే కనీసము రెండు జి.బి. కావలసివచ్చినది. కనుక నేడు కొనువారు నాలుగు జి.బి. ర్యాము, అరువదినాలుగు జి.బి. నిలువకు తక్కువది కొనకుండుట మేలు. వేయి రూపాయలు మిగుల్చుకొనుటకై అందులో సగము ఉన్నది కొన్నచో ఏడాది తిరుగకముందే దానిని గోడకు కొట్టబుద్ధి యగును.

బీరువా నిండుటకు కారణము తెలిసిన నవ్వు వచ్చును. మన దేశపు ఫోనులు ఏల ఇంత త్వరగ నిండిపోవుచున్నవని గూగుల్ ఇంజనీర్లు పరిశీలించి, ప్రతి ఉదయము బంధువులొకరికొకరు పంపుకొను పువ్వుల బొమ్మలు, శుభోదయ వాక్యములు ఒక ముఖ్య కారణమని కనుగొన్నట్లు 2018 జనవరిలో పత్రికలు వ్రాసినవి. ఉదయగిరివారికి ఉదయముపై ప్రీతి ఉండుట సహజమే గాని, వాట్సాపులో బొమ్మలు తమంతట తామే దిగుమతి కాకుండ ఆపుకొను అమరిక కలదు. దానిని ఇంటిలోని బడిపిల్లవానిచేత ఒకసారి పెట్టించుకొనిన చాలును.

రెండవ కీడు ఆయువు. ఖరీదైన ఫోనులకు ఏడేండ్ల వరకు భద్రతా సవరణలు పంపుదుమని కొన్ని కంపెనీలు మాట యిచ్చుచున్నవి. చౌక ఫోనులకు రెండు మూడేండ్లు దొరికిన గొప్ప. ఆ తరువాత ఫోను వెలుగును, మ్రోగును, మాటాడును. కాని తలుపు గడియ తుప్పుపట్టిన ఇల్లు వంటిది. పాతబడిన ఫోనులను సేవలును విడిచిపెట్టుచుండును. 2023 అక్టోబరు 24 నుండి ఆండ్రాయిడ్ అయిదవ రూపమునకు పూర్వపు ఫోనులలో వాట్సాప్ నిలిచిపోయినది. ఎద్దు ముసలిదైనను ఎరువైనను ఇచ్చును. ఈ ముసలి ఫోను ఇచ్చునది ఏమియు లేదు.

మూడవది రీఛార్జి. ఫోను ధర ఒక్కసారి ఏడ్పు. రీఛార్జి నెలనెల ఏడ్పు. నెల అన్నచో పొరపాటు, ఇరువదియెనిమిది దినములకొకసారి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడును ధరలు పెంచినవి. దినమునకు ఒకటిన్నర జి.బి. ఇచ్చు జియో పథకము 239 నుండి 299 రూపాయలకు పోయినది. ఇరువదియెనిమిది చొప్పున లెక్కించిన సంవత్సరమునకు పదుమూడు రీఛార్జీలు. మన పంచాంగమున అధికమాసము రెండు మూడేండ్లకొకసారి వచ్చును. కంపెనీవారి పంచాంగమున ఏటేట వచ్చును. ఆ ధర చొప్పున ఏడాదికి 3,887 రూపాయలు, రెండేండ్లకు 7,774. ఫోను ఖరీదు మించిపోయినది! చౌక ఫోను అన్నది గడపవరకే. గడప దాటి లోనికి వచ్చిన పిదప అదియు, ఖరీదైన ఫోనును ఒక్కటే మేత మేయును. ఇంటిలో రెండు మూడు ఫోనులున్నచో, ఒకదానికే డేటా వేసి తక్కినవానికి మాటలకు మాత్రమే పనికివచ్చు పథకము వేయుట మంచిది. అట్టి పథకములను తప్పక అమ్మవలెనని ట్రాయ్ సంస్థ 2024 డిసెంబరులో కంపెనీలను ఆజ్ఞాపించినది. అంగటివాడు తానై చెప్పడు, అడుగవలెను.

నాలుగవది సిగ్నలు. రేడియోవాడను గనుక ఇచ్చట కొంచెము ఆగెదను. ఉదయగిరి దుర్గము మూడువేల అడుగుల కొండ. 1513లో దండెత్తివచ్చిన శ్రీకృష్ణదేవరాయల సైన్యమును ఏడాదికి పైగా నిలువరించిన కొండ అది. టవరు సిగ్నలు దానికొక లెక్కా? తరంగపు పొడవు ఎక్కువైన కొలది అది కొండలను, గుట్టలను చుట్టుకొని వంగి పోగలదు. మన మీడియం వేవ్ తరంగము కొన్ని వందల మీటర్ల పొడవు; అందువలన ఎక్కడో దూరపు కేంద్రము కొండ వెనుక పల్లెలోను పలుకును. ఎఫ్.ఎం. తరంగము మూడు మీటర్లు. సెల్లు తరంగము 700 మెగాహెర్ట్సుల వద్ద నలుబదిమూడు సెంటీమీటర్లు. 2,300 వద్ద పదుమూడు సెంటీమీటర్లు మాత్రమే, అనగా జానెడైనను లేదు. అది గుట్టకు కొట్టుకొని ఆగిపోవును. కావున కొండ వెనుక పల్లెలకు 700, 850, 900 వంటి తక్కువ అంకెల తరంగములే దిక్కు. బి.ఎస్.ఎన్.ఎల్. తన స్వదేశీ 4జిని 2025 సెప్టెంబరులో దేశమంతట లాంఛనముగ ఆరంభించినది. అది 700, 2,100 మెగాహెర్ట్సులపై ఆధారపడినది. కొన్ని పాత చౌక ఫోనులకు 700ను అందుకొను శక్తి లేదు. ఆ ఫోను చేతబట్టుకొని బి.ఎస్.ఎన్.ఎల్.ను తిట్టి ఫలమేమి? సీతారామపురము వైపు కొండవాలు గ్రామములవారు కొనుటకు ముందు తమ ఊరిలో ఏ కంపెనీ సిగ్నలు వచ్చుచున్నదో చూచి, ఆ ఫోను 28వ బ్యాండును అందుకొనునా అని అడుగవలెను. అట్లడిగిన, అంగటివాడు కొంత జంకి మర్యాదగా మాటాడును, అది వేరు సంగతి.

ఈ సిగ్నలు లోపము కేవలము వినోదమునకు అడ్డు అయినచో ఇంత చెప్పనక్కరలేదు. 2023 జనవరి 1 నుండి ఉపాధి పనులవద్ద మేటులు దినమునకు రెండు పర్యాయములు కూలీల ఫొటోలు తీసి ఫోను ద్వారా పంపవలెనను నియమము దేశమంతట తప్పనిసరియైనది. ఫొటో ఎక్కకున్న హాజరు లేదు. హాజరు లేకున్న కూలి లేదు. ఎండలో గుంట త్రవ్వినది నిజము, చెమట నిజము, త్రవ్విన మట్టి కనులయెదుట నిజము. అయినను మేటు చేతిలోని చౌక ఫోను హ్యాంగు అయినచో ఆ దినపు శ్రమకు సాక్ష్యము లేదు. దీనిపై కూలీలు 2023లో ఢిల్లీ వరకు పోయి మొరపెట్టుకొనిరి. ప్రభుత్వము ఒక పనిని ఫోనునకు ముడివేయునప్పుడు, ఆ ఫోను ఎట్టిది, ఎవరి సొమ్ముతో కొన్నది, దానికి డేటా ఎవరు వేయుదురు అను ప్రశ్నలకు ముందు సమాధానము చెప్పవలసియుండెను. 2020లో బడులు మూతపడినప్పుడును ఇదే జరిగినది. ఆన్‌లైను పాఠము అన్నారు. ఇంటిలో ఒక్క ఫోను, అదియు తండ్రి వెంట పనికి పోయెను. ఇద్దరు పిల్లలలో ఎవరు చూడవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు అది సాధారణముగ ఆడపిల్లకు అనుకూలముగ తేలలేదు.

ఆడవారి ప్రసక్తి వచ్చినది. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. ఫోను ఇంటిలో నుండుటకును, స్త్రీ చేతిలో నుండుటకును గల భేదము ఇది. ఈ పడమటి నెల్లూరు ప్రాంతమునకు దీని అర్థము వేరుగ చెప్పనక్కరలేదు. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు రాత్రిబడి వాచకములోని ఒక పాఠము చదివి దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి; రెండేండ్లలో, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. ఆ ఊరి ఆడవారు పలకమీద అక్షరములు దిద్దిన చేతులతోనే ఆ పని చేసిరి. వారి మనుమరాండ్ర చేతిలో ఈ నూతన పలక ఉండవలెనా, మగవాని జేబులో ఉండవలెనా అని ఎవరైనను నన్నడిగిన నేను మొదటిదే చెప్పుదును. డ్వాక్రా సంఘపు సొమ్ము లెక్క తన ఫోనులో తానే చూచుకొను స్త్రీకి, “నువ్వెందుకుమే, నే జూసుకుంటాలే” అను మాట వినవలసిన అవసరముండదు.

ఇక అన్నింటికంటె ప్రమాదమైనది. ఆండ్రాయిడ్ ఉచితమని చెప్పితిని. ఉచితముగ ఇచ్చువాడు ఎట్లు బ్రతుకును? ప్రకటనలవలన. చౌక ఫోను చేయువారును తక్కువ లాభమును అట్లే పూడ్చుకొందురు. కనుకనే కొన్న మొదటి దినముననే మనమడుగని ఆప్‌లు అందు కూర్చుండియుండును; తెర తెరచినంతనే ప్రకటన. ఆ ప్రకటనలలో ఒకటి, అయిదు నిమిషములలో అప్పు. ఆధార్ చూపుడు, సొమ్ము తీసికొనుడు. మెట్ట రైతునకు వాన తప్పిన ఏట ఇంతకంటె తీయని మాట ఏది? తీసికొనునపుడు ఆ ఆప్ ఫోనులోని పేర్లు, సంఖ్యలు, ఫొటోలు అన్నియు చూచుటకు అనుమతి అడుగును. మనము అవును అని నొక్కుదుము. తరువాత వారము తిరుగకముందే బంధువులందరికి ఫోనులు, మార్చిన ఫొటోలు, బెదిరింపులు. 2020 నుండి 2022 వరకు రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారున్నారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇట్టి అప్పులకు కట్టుబాట్లు విధించినది. అయినను క్రొత్త పేర్లతో అవి మొలకెత్తుచునే యున్నవి. ఆత్మకూరు వడ్డీవ్యాపారి ఎంత కఠినుడైనను మన ఇంటి ఫొటోల పెట్టె తెరచినవాడు కాడు.

మరియొక రకము, వాట్సాపులో వచ్చు ఫైలు. పి.ఎం. కిసాన్ సొమ్ము కొరకు దీనిని నొక్కుడు అని వచ్చును. పేరు చివర ఎ.పి.కె. అను మూడక్షరములుండును. నొక్కినచో అది ఒక దొంగ ఆప్. బ్యాంకు నుండి వచ్చు ఓ.టి.పి.ని మనకంటె ముందు చదువును. సవరణలు ఆగిపోయిన పాత ఫోనులలో దాని పని మరింత సులువు. ప్రభుత్వ పథకమేదియు ఇట్లు ఫైలు పంపి నొక్కుమనదు. సొమ్ము పోయినట్లు తెలిసిన మరుక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. మరునాడు ఉదయము చూతములే అనుకొనినచో సొమ్ము నాలుగు ఖాతాలు మారి పోవును. సిగ్గుపడి ఇంటివారికి చెప్పక దాచువారే ఎక్కువ నష్టపోవుచున్నారు.

పాత ఫోను కొనువారికి ఒక సూచన. నక్షత్రపు గుర్తు, చిలుకల గుర్తు, సున్న ఆరు, మరల చిలుకల గుర్తు, అనగా *#06# నొక్కినచో పదునైదంకెల సంఖ్య కనిపించును. సందేశమున ఆంగ్లమున కె.వై.ఎం. అను మూడక్షరములు వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఆ సంఖ్య వ్రాసి 14422కు పంపిన, ఆ ఫోను వివరము వచ్చును. దొంగసొత్తుగ నిలిపివేసిన ఫోనైనచో అప్పుడే తెలిసిపోవును. చౌకగ వచ్చినదని కొని పోలీసు స్టేషను మెట్లెక్కుటకంటె ఇది తేలిక.

బ్యాటరీ విషయమున మాత్రము చౌక ఫోనునకే నా ఓటు. అయిదువేల మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ నేడు ఇంచుమించు అన్నింటను ఉన్నది. తెర సామాన్యమైనది, లోపలి యంత్రము నిదానమైనది గనుక ఖర్చు తక్కువ. ఖరీదైన ఫోను సాయంకాలమునకు నీరసించిపోవుచుండగ ఇది మరునాటి ప్రొద్దు చూచును. నిండుటకు మూడు గంటలు పట్టుననుట నిజమే. అద్దము పగిలిన మాత్రము కష్టము. మార్పించుటకు ఒక్కొక్కప్పుడు కొన్న ధరలో మూడవవంతు అడుగుదురు, కంపెనీవారి సేవాకేంద్రమన్న సాధారణముగ నెల్లూరు పోవలెను. నూరు రూపాయల గ్లాసు, నూరు రూపాయల పౌచి వేయించుటలో పిసినారితనము వలదు.

చివరగ రేడియో సంగతి. చాల చౌక ఫోనులలో ఎఫ్.ఎం. రేడియో కలదు; ఖరీదైన వానిలో తీసివేసినారు. ఈ విషయమున ధనవంతునికంటె పేదవాడే అదృష్టవంతుడు. 2023 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము, విపత్తుల వేళ ప్రజలకు ఉపయోగపడును గనుక ఫోనులలో ఎఫ్.ఎం.ను తొలగింపవలదని తయారీదారులకు సూచించినది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలుమార్గము కొట్టుకొనిపోయిన దినములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అట్టి వేళ కరెంటు పోవును, టవరు బ్యాటరీ కొన్ని గంటలలో అయిపోవును, ఇంటర్నెట్టు మూగబోవును. ఎఫ్.ఎం.కు సిమ్ము వలదు, డేటా వలదు, రీఛార్జి వలదు. ఇంటర్నెట్టు ద్వారా ఆకాశవాణి ఆప్‌లో వినుటకు సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున గంటకు ముప్పది మెగాబైట్లకు కొంచెము తక్కువ ఖర్చగును. అదియు పెద్ద భారము కాదు గాని, వరద దినమున దానిని నమ్ముకొనరాదు. ఎఫ్.ఎం. వినుటకు ఇయర్‌ఫోను తీగ తగిలింపవలెను. ఆ తీగయే దానికి ఏరియలు. తీగలేని ఇయర్‌ఫోనుతో అది పలుకదు. కనుక ఫోను కొనబోవునపుడు ఇంటినుండి ఒక తీగ ఇయర్‌ఫోను తీసికొనిపోయి, అంగటి ముందే నిలిచి, రేడియో తెరచి, ఒక కేంద్రమైనను పలుకుచున్నదో లేదో వినిన పిదపనే డబ్బు చెల్లింపుడు.